వేళాకోళమని రాసిన అర్జీ

కార్మిక శాఖ ఆఫీసు వరండాలో అర్జీలు రాసేవాళ్ళు ఆరుగురు. ఆరు బల్లలు, ఆరు టైపు మిషన్లు, ప్రతి బల్ల ముందూ వేలాడేసుకున్న ముఖాలతో నలుగురైదుగురు జనం. వీళ్ళలో మెట్ల పక్క బల్ల ఆయన్ని తక్కినవాళ్ళు 'నిఘంటువు' అంటారు. మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. ఒక్క మాట కొట్టడానికి పావుగంట ఆలోచిస్తాడని, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంటే గానీ మీట మీద వేలు పడదని, వెనకాల నవ్వుకోవడానికి పెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. తెలిసే, దాన్ని బిరుదులా భుజాన వేసుకుని తిరిగాడు. అలాంటి మనిషి.

ఎదురుబల్ల ఆయన 'ఘోరం గారు'. ఆయన రాసే ప్రతి అర్జీలోనూ ఎవరో ఒకరు ఇంకెవరినో 'అతి ఘోరముగా దూషించి, తీవ్ర అవమానమునకు గురిచేసి' తీరతారు. సెలవు చీటీ మీద సంతకం పెట్టలేదన్నా ఘోరమే, కూర్చునే స్టూలు విరిగిందన్నా ఘోరమే. లోపలి అధికారులు ఆయన కాగితాలు చదవడం ఎప్పుడో మానేశారు. నిఘంటువు కాగితాలు మాత్రం చదువుతారు. ఆయన 'దెప్పిపొడిచాడు' అని రాస్తే అక్కడ దెప్పడమే జరిగిందని, 'హేళన' అని రాస్తే హేళనేనని, వీసమెత్తు ఎక్కువా కాదు తక్కువా కాదని లోపలివాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం సంపాదించడానికి ఆయనకి ఇరవై రెండేళ్ళు పట్టింది. దాన్ని కాపాడుకోవడానికి ఏమైనా చేస్తాడు. చేశాడు కూడా, అదే ఈ కథ.

ఆయన సొరుగులో అట్ట ఊడిపోయిన లావుపాటి నోటుపుస్తకం ఒకటుంది. మనిషిని మనిషి కించపరచడానికి వాడే మాటలన్నీ అందులో ఉన్నాయి. ఒక్కో మాటకి ఒక్కో పేజీ. పైన మాట, కింద అర్థం, ఆఖర్న 'ఉదా' అని ఒక ఉదాహరణ. వెక్కిరింతకి నోరు అక్కర్లేదు, మూతి తిప్పినా నడక అనుకరించినా చాలు. వెటకారం గొంతులో ఉంటుంది, కాగితం మీద పెడితే పొగడ్తలా కనబడుతుంది కాబట్టి విన్న సాక్షి కావాలి. దెప్పడానికి పాత తప్పొకటి ఉండాలి. గేలికి గుంపు ఉండాలి. ఈసడింపులో నవ్వే ఉండదు, ముఖం తిప్పేసుకోవడమే. ఎద్దేవా అనేది పేపర్ల వాళ్ళ మాట, ఇళ్ళలో ఎవరూ ఎవర్నీ ఎద్దేవా చెయ్యరు. ఇలా సాగుతుంది అది. కొత్తగా వచ్చిన అధికారులు కబురంపి మరీ ఆ పుస్తకం తెప్పించుకుని చూస్తారు.

ఆ పుస్తకంలో ఆయనకి బాగా ఇష్టమైన పేజీలు రెండు, పక్కపక్కనే ఉంటాయి. 'వేళాకోళం: అన్నవాడూ పడ్డవాడూ ఇద్దరూ నవ్వుతారు.' 'హేళన: పడ్డవాడు తప్ప అందరూ నవ్వుతారు.' ఇంత చిన్న వాక్యాల్లో ఇంత తేడా పట్టుకున్నవాడు ఇంకొకడు లేడని ఆయన గట్టి నమ్మకం. లోపల ఆఫీసులోనూ ఆ తేడాతో పని ఉంది. పనిచేసే చోట వేళాకోళం ఆడితే మందలింపుతో సరి. హేళన అని తేలిందా, చేసినవాడి ఉద్యోగం పోతుంది, దాని మూలంగా పని పోగొట్టుకున్నవాళ్ళకి పని తిరిగొస్తుంది.

ఒక మంగళవారం పొద్దున వరసలో నాలుగో మనిషిగా ఆయన చెల్లెలు నిలబడి ఉంది.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాజాల మిషను మీద పదకొండేళ్ళుగా పనిచేస్తోంది ఆమె. అన్నగారింటి మేడ మీది గదిలోనే ఉంటుంది. నలభై ఒక్కేళ్ళు. పదేళ్ళప్పుడు మెట్ల మీంచి పడితే ఎడమ భుజం ఎముక వంకరగా అతుక్కుంది, అప్పట్నించీ ఆ భుజం కిందికి జారి ఉంటుంది. పొద్దున ఇంట్లో ఒక్క మాటా చెప్పకుండా, బయటివాళ్ళలా వచ్చి వరసలో నిలబడిందేమిటని నిఘంటువుకి కాస్త చిరాకు కూడా వేసింది. ముందున్న ముగ్గురి పనీ అయ్యేదాకా పిలవలేదు. ఆమే పిలవమనలేదు.

"ఏమిటే, ఇక్కడికొచ్చావు? డ్యూటీ లేదా?"

"లేదు. తీసేశారు. అర్జీ రాయాలి."

"తీసేశారా? ఇంట్లో చెప్పొచ్చుగా!"

"ఇంట్లో చెబితే నవ్వేస్తావు," అంది. అని స్టూలు లాక్కుని కూర్చుంది.

చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిది నెలల కింద వానల్లో మొదలైందట. పొద్దున ఆమె కార్డు గుద్దించుకుని లోపలికి అడుగు పెట్టేసరికి సూపర్‌వైజరు తలుపు దగ్గర నిలబడి ఎడమ భుజం కిందికి వంచి, "తక్కెడ వచ్చిందర్రా, బరువులు పెట్టండి!" అనేవాడు. కొత్తలో ఒకరిద్దరు నవ్వారు. తర్వాత లైను మొత్తం. నలభై మంది. ఇప్పుడు ఆమె మంచినీళ్ళకి లేచినా సరే, నలభై భుజాలూ ఒక్కసారి ఎడమకి వంగుతాయి. కిందటి నెల కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి వచ్చి, "తక్కెడక్కా, కత్తెర ఒకసారి ఇస్తారా?" అని అడిగింది. ఆ పిల్ల నవ్వలేదు పాపం, అదే పేరనుకుంది.

"అది తట్టుకోలేకపోయాను అన్నయ్యా. నవ్వినవాళ్ళని ఎనిమిది నెలలు తట్టుకున్నాను. ఆ పిల్ల అంత మర్యాదగా అడిగేసరికి నా వల్ల కాలేదు. నిన్న మిషను ఆపేసి లేచి నిలబడ్డాను. పేరు పెట్టి పిలిస్తేనే పనిచేస్తానన్నాను. లైను ఆపానని కాగితం చేతిలో పెట్టి పంపేశారు."

తక్కెడ అన్న మాట ఆమె నోట వినబడినప్పుడే నిఘంటువు చెవులు వేడెక్కాయి. ఎందుకు వేడెక్కవు? ఆ పేరు పెట్టింది ఆయనే. భుజం కట్టు విప్పిన రోజు, తన పదమూడేళ్ళ వయసులో, అద్దం ముందు నిలబడ్డ చెల్లెల్ని చూసి, "అమ్మా, ఇదిగో తక్కెడ, ఇటు పెసలు పోయి అటు రాళ్ళు పెట్టు!" అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వు. అమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చెల్లెలూ నవ్విందని ఆయన జ్ఞాపకం. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె తక్కెడే. ముప్ఫై ఏళ్ళుగా మేడ మెట్ల కింద నిలబడి ఆయన పిలిచే పిలుపు అదే. ఇందులో తప్పేముంది, ముద్దు పేరు కదా అని ఒకసారి గొంతు సవరించుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు.

"మొదటిసారి అన్నప్పుడు వాడు నవ్వుతూ అన్నాడా, కోపంగా అన్నాడా?"

"నవ్వుతూనే."

"మరి నువ్వేం చేశావు?"

"ఏం చేస్తాను? నలుగురిలో ఏడవలేక నవ్వినట్టు ముఖం పెట్టాను."

"నవ్వావన్నమాట."

"నవ్వినట్టు ముఖం పెట్టానన్నాను."

"అదేలే," అన్నాడు.

"అన్నయ్యా, నీ తేడాలన్నీ నాకు తెలీవు. బరువుగా రాయి. నా మిషను నాకు రావాలి. ఈ వయసులో ఇంకో చోట నన్ను తీసుకోరు, చూస్తున్నావుగా నా భుజం. పోతే నా బతుకు మేడ మీద గదిలో మీ దయ మీద తెల్లారిపోతుంది."

నిఘంటువు సొరుగు లాగి పుస్తకం తీశాడు. వేళాకోళం పేజీ తెరిచాడు. ఇరవై ఏళ్ళనాటి తన గుండ్రటి దస్తూరీ. అర్థం, దానికింద ఉదాహరణ. 'ఉదా: అన్న చెల్లెల్ని తక్కెడ అని పిలుచుట.'

ఎప్పుడు రాశాడో మరిచేపోయాడు. ఇప్పుడు అది ఆయన ముఖంలోకి చూస్తోంది. పక్క పేజీ హేళన. సూపర్‌వైజరు అన్న మాట అటు పేజీకి వెళ్ళాలంటే ఈ ఉదాహరణ కూడా లేచి అటే నడవాలి. మాట అదే, భుజం అదే, వంచడమూ అదే. వాడిది హేళన అయితే తనది ముప్ఫై ఏళ్ళ హేళన. తలుచుకోవడానికే మనసొప్పలేదు. పుస్తకం మూసేశాడు. నాకు నిజం ముఖ్యం, సొంత చెల్లెలైనా సరే ఎక్కువ రాయను అని తనకి తాను చెప్పుకున్నాడు. ఎంత పెద్ద మాటో చూడండి, ఎంత చిన్న పనికి వాడుకున్నాడో! కాగితం ఎక్కించి టకటకా కొట్టాడు. ఆ రోజు మాట కోసం పావుగంట ఆగలేదు.

ఆమె చదువుకుంటూ రెండో పేరా దగ్గర ఆగింది. 'సదరు సూపర్‌వైజరు వేళాకోళముగా తక్కెడ అని సంబోధించుచుండగా...'

"ఇది వేళాకోళమా అన్నయ్యా?"

"నువ్వే చెప్పావుగా నవ్వానని. ఎక్కువ చేసి రాస్తే లోపల నమ్మరే. నేను రాశానంటే వాళ్ళకో నమ్మకం. కాస్త తగ్గించి రాస్తే మిగతాది వాళ్ళే అర్థం చేసుకుంటారు."

ఎదురుబల్ల నుంచి ఘోరం గారు మెడ సాచి, "అమ్మా, ఆయన తూచి తూచి చంపుతాడు గానీ ఇలా రా, ఘోరంగా రాసిపెడతాను," అన్నాడు. వరండా అంతా నవ్వింది. ఆమె అటు చూడలేదు. అన్న ముఖంలోకి కొంచెంసేపు చూసి సంతకం పెట్టింది.

విచారణ రోజు నిఘంటువు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారైతే, "నువ్వు రావద్దు," అంది. ఎంత అడిగినా కారణం చెప్పలేదు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ, "పోయింది," అంది వదినతో. అంతే. మేడెక్కి తలుపేసుకుంది.

నిఘంటువుకి ఒళ్ళు మండిపోయింది. తన అర్జీ కొట్టేయడమా! ఇరవై రెండేళ్ళలో తన కాగితాన్ని ఇంత తేలిగ్గా తీసిపారేసినవాడు లేడు. చెల్లెలి పని పోయిన బాధ ఎంతో, అర్జీ పోయిన బాధ అంతకి తక్కువేమీ కాదు, ఆ మాట ఆయనైతే ఒప్పుకోడు గానీ. మర్నాడే రికార్డు గదికి వెళ్ళి విచారణ కాగితాల నకలు తీయించుకున్నాడు. బల్ల దగ్గర కూర్చుని, ఊళ్ళోవాళ్ళ కేసు చదివినట్టే వేలు పెట్టి చదవసాగాడు.

'ప్రశ్న, సూపర్‌వైజరుకు: ఆ పేరు మీరు పెట్టినదేనా?

జవాబు: కాదండి. అది వాళ్ళింట్లో పిలిచే పేరే. వానల్లో ఒకనాడు వాళ్ళ అన్నయ్యగారు గొడుగు ఇవ్వడానికి గేటు దగ్గరికి వచ్చి, అందరి ముందూ ఏయ్ తక్కెడా అని కేకేశారు. ఎందుకలా పిలుస్తారండీ అని నేనే అడిగాను. భుజం వంచి చూపించారు. మేమంతా నవ్వాం. ఆయనా నవ్వారు.

ప్రశ్న, అర్జీదారుకు: ఇది నిజమా?

జవాబు: మా అన్నయ్య ఊసు ఇందులో వద్దండి.

ప్రశ్న: నిజమా, కాదా?

జవాబు: గుర్తు లేదు.

ప్రశ్న: మీ అన్నయ్య పిలిస్తే లేని బాధ, ఈయన పిలిస్తే ఎందుకు కలిగింది?

అర్జీదారు సమాధానం చెప్పలేదు.'

నిఘంటువు వేలు అక్కడే ఆగిపోయింది. గొడుగు రోజు గుర్తొచ్చింది. గుర్తు రాకేం, ఆ రోజు ఆయన చాలా సంతోషంగా ఇంటికొచ్చాడు. షిఫ్టు వదిలే వేళ, వాన, గేటు బయట టీ బడ్డీ కింద జనం. కేకేశాడు. సూపర్‌వైజరు అడిగాడు. ఎప్పుడూ వరండాలో తన మీదే అందరూ నవ్వుతారు కదా, ఒక్కసారి తన మాటకి నలుగురు నవ్వేసరికి ఉబ్బిపోయి, కట్టు విప్పిన రోజు కథంతా అభినయించి చెప్పాడు. పెసలూ రాళ్ళూ అన్నీ చెప్పాడు. చెల్లెలు గొడుగు విప్పుకుని ముందు నడిచింది. ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. వానకి అనుకున్నాడు.

ఆఖరి పేజీలో తీర్పు. 'అర్జీని వ్రాసినవారు మాటలను తూచి వాడుటలో ఈ కార్యాలయమునకు చిరపరిచితులు. వారే వేళాకోళము అని వ్రాసియుండగా, దానిని హేళనగా భావించుటకు ఆధారము లేదు. అర్జీ కొట్టివేయడమైనది.'

ఆయన సంపాదించుకున్న నమ్మకం సరిగ్గా ఇలా పనికొచ్చింది. 'అవునండీ, పేరు మా అన్నయ్యే పెట్టాడు, అప్పట్నించీ ఏడుస్తున్నాను' అని ఆమె ఒక్క మాట అంటే చాలు, కేసు తిరిగిపోయేది. ఆ ఆఫీసులో అన్న పరువు పోకూడదని నోరు నొక్కుకుంది. పదకొండేళ్ళ మిషను అక్కడ వదిలేసి వచ్చింది.

ఆ సాయంత్రం మేడెక్కాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని పాత జాకెట్టుకి గుండీలు మారుస్తోంది. నకలు కాగితాలు ఆయన చేతిలో చూసి చూపు తిప్పుకుంది.

"చదివాను," అన్నాడు.

"చదువుతావని తెలుసు."

"పై అధికారికి అర్జీ వేద్దాం. ముప్ఫై రోజుల గడువుంది. ఈసారి హేళన అని రాస్తాను. మొదట చేసింది నేనేనని కూడా రాస్తాను, సరేనా?"

"రాస్తే ఏమొస్తుంది? సాక్షి లేకుండా మళ్ళీ కొట్టేస్తారు." సూది గుచ్చి పక్కన పెట్టింది. "మా కాజాల సెక్షన్లో ఇద్దరున్నారు. చెప్పాలని వాళ్ళకీ ఉంది. 'మీ అన్నయ్యే అందరి ముందూ పిలిచి నవ్వాడు, ఇక మేమేం చెప్తామే' అంటున్నారు. ఆ రోజు గేటు దగ్గర ఎలా చెప్పావో, మళ్ళీ అక్కడే నిలబడి చెప్పు. ఆ పేరు నేనే పెట్టాను, తప్పు చేశాను, మీరెవరూ అనొద్దు అని. వాళ్ళిద్దరూ సాక్ష్యానికి వస్తారు. నేను సంతకం పెడతాను."

"గేటు దగ్గరా? అంతమందిలోనా?"

"అంతమందిలోనేగా అన్నావు."

సరే అన్నాడు. అని కిందికి దిగాడు. దిగినవాడు దిగినట్టే ఉన్నాడు.

ముందు అర్జీ కుదరాలి కదా అనుకున్నాడు. చిత్తు రాశాడు. 'హేళన' బాగుందా, 'అపహాస్యం' బాగుందా? 'అవహేళన' అంటే? 'నేను చేసినది' అనాలా, 'నా వలన జరిగినది' అనాలా? పది చిత్తులు చింపాడు. ఒకనాడు వాన, మనుషులు ఆగరు. ఒకనాడు సూపర్‌వైజరు సెలవు, వాడు లేకుండా చెబితే ఏం లాభం. ఒకనాడు గొంతు నొప్పి. భార్య పన్నెండు రోజులు చూసి పదమూడో రోజు అడిగేసింది.

"ఏవండీ, ఎంతవరకు వచ్చింది మీ అర్జీ?"

"సరైన మాట కుదరడం లేదే."

"ఆ పిల్లని ఆటపట్టించడానికి ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడైనా మాట కోసం వెతుక్కున్నారా? గబుక్కున వచ్చేదిగా నోటికి!"

చిందులు తొక్కాడు. నీకేం తెలుసు పొమ్మన్నాడు. ఆవిడ పోలేదు, పెదవి విరిచి అక్కడే నిలబడింది. ఆ విరుపుకి పుస్తకంలో ఏ పేజీయో ఆయనకి తెలుసు. ఈసడింపు.

చెల్లెలు మాత్రం ఒక్కసారీ అడగలేదు. పొద్దున ఆయన చెప్పులు వేసుకునే వేళకి మేడ మెట్ల మీదికి వచ్చి నిలబడేది. ఆయన వీధిలో కుడివైపు తిరిగితే ఆఫీసు, ఎడమవైపు తిరిగితే ఫ్యాక్టరీ. కుడివైపే తిరిగేవాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయేది. రోజూ అదే తంతు.

ముప్ఫయ్యో రోజు ఎడమవైపు తిరిగాడు. చిత్తు కాగితం జేబులో పెట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. జనం వస్తున్నారు. సూపర్‌వైజరు గేటులో నిలబడి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నిఘంటువు బడ్డీలో ఒక టీ తాగాడు. ఇంకో టీ తాగాడు. గంట మోగింది, గేటు మూశారు. ఆఫీసుకి వచ్చి, బల్ల మీద దుమ్ము తుడిచి, ఇంకెవరిదో సెలవు చీటీ గొడవ రాయడానికి కూర్చున్నాడు. సాయంత్రం అయిదింటికి లోపల గుమాస్తా పై అర్జీల పుస్తకం మూసేయడం కిటికీలోంచి చూశాడు కూడా.

ముప్ఫై ఒకటో రోజు వెళ్ళి చెప్పాడు.

ఆ రోజుకి ధైర్యం వచ్చింది. ఎందుకు రాదు? ఇక ఆ మాట వల్ల ఎవరి ఉద్యోగం రాదు, ఎవరి ఉద్యోగం పోదు. పనికిరాకుండా పోయాక మాటలు నోట్లోంచి ఎంత హాయిగా వస్తాయో! గేటు పక్క అరుగు ఎక్కి, "ఒక్క నిమిషం, అందరూ ఒక్క నిమిషం ఆగండి," అని చెయ్యెత్తాడు.

"తక్కెడ వాళ్ళ అన్నయ్యగారు రోయ్!" అని ఎవరో అరిచారు. జనం మూగారు. అప్పుడే పళ్ళు బయటపెట్టేశారు కొందరు.

"ఆ పేరు పెట్టింది నేనే," అన్నాడు నిఘంటువు. "ఇదే గేటు దగ్గర నేను నవ్వించాను. అది తప్పు. నేను చేసింది హేళన. మీరు చేస్తున్నదీ హేళనే. వేళాకోళానికీ హేళనకీ తేడా ఏమిటంటే..."

అలవాటు! ముప్ఫై రోజులు రాసిన చిత్తులన్నీ పోయి, నోటికి పుస్తకంలోని పేజీయే వచ్చింది. చూపుడు వేలు కూడా లేచింది, పాఠం చెబుతున్నట్టు. వెనక వరసలో కిసుక్కుమన్నారు. ముందు వరసకి పాకింది.

"మాస్టారూ, మీరు భలే సరదా మనిషండీ!" అన్నాడు సూపర్‌వైజరు. "ఆ రోజు భుజం వంచి చూపించారే, పెసలూ రాళ్ళూ అని, అది ఇంకోసారి చెయ్యండి. కొత్తవాళ్ళు చూళ్ళేదు."

"నేను నవ్వులాటకి చెప్పడం లేదు!" అని గట్టిగా అరిచాడు. గొంతు కీచుమంది. ఇక ఆపడం ఎవరి తరం, విరగబడి నవ్వారు. ఆయన వేలు ఇంకా గాలిలోనే ఉంది. ఎవరు మొదలుపెట్టారో గానీ నలభై భుజాలు ఒక్కసారి ఎడమకి వంగాయి. ఈసారి ఆయన వైపు. గంట మోగింది. వంగిన భుజాలతోనే నవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు. సాక్ష్యం చెబుతామన్న ఆ ఇద్దరూ ఎవరో ఆయనకి తెలియదు. ఉంటే ఆ గుంపులోనే ఉన్నారు.

ఒక చిన్న వయసు అమ్మాయి మాత్రం వెనక ఆగింది.

"అండీ, అయితే ఆవిడ అసలు పేరేమిటండీ?"

నిఘంటువు నోరు తెరిచాడు. చెల్లెలి పేరు నోటితో పలికి ఎన్నేళ్ళయిందో. వెతుక్కుంటే టైపు మిషను మీద కొట్టిన వరసలోనే దొరికింది. ఇంటిపేరుతో సహా చెప్పాడు. చెప్పడం ఆగక, "వయస్సు నలభై ఒకటి, కాజాల విభాగము," అని కూడా అనేశాడు.

"మంచి పేరండీ," అంది ఆ అమ్మాయి. "ఇప్పుడు ఆవిడ మిషను మీద నన్నే కూర్చోబెట్టారు." గేటు మూసేస్తున్నారని పరిగెత్తింది.

ఆయన ఆఫీసుకి వెళ్ళలేదు. ఇంటికొచ్చి మేడెక్కాడు. చెల్లెలు మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా గోడకి కేలెండరు. నిన్నటి తారీకు చుట్టూ పెన్సిలు గీత, ఎప్పుడు గీసుకుందో.

"చెప్పాను," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"గేటు దగ్గరా?"

"ఊఁ. అందరి ముందూ."

"గడువు నిన్నటితో అయిపోయిందన్నయ్యా."

"తెలుసు."

"తెలిసే ఇవాళ వెళ్ళావా?"

ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండు అనిపించింది.

"ఏమన్నారు?"

"నవ్వారు," అన్నాడు. ఆ మాట అనేసరికి ముఖం ముడుచుకుపోయి ఏడుపొచ్చింది. నలభై నాలుగేళ్ళ మనిషి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "అందరూ నవ్వారే. ఒక్కళ్ళు కూడా మిగల్లేదు. భుజాలు వంచి మరీ నవ్వారు."

"నువ్వూ నవ్వావా?"

"నేనెలా నవ్వుతాను? ఏం మాట్లాడుతున్నావు? నా పరువు అక్కడ..."

ఆగిపోయాడు. ఆమె ఆయన్నే చూస్తోంది. ఆ రెండు పేజీలూ ఇంట్లో వందసార్లు గొప్పగా చదివి వినిపించాడు కదా, ఆమెకీ కంఠతా వచ్చు.

"మరి నేనెప్పుడు నవ్వానన్నయ్యా?" అని అడిగింది.

ఆయన వెతికాడు. కట్టు విప్పిన రోజంతా కళ్ళ ముందుకి తెచ్చుకుని వెతికాడు. అమ్మ నవ్వుతోంది. నాన్న పేపరు దించి నవ్వుతున్నాడు. పక్కింటావిడ గుమ్మం పట్టుకుని నవ్వుతోంది. తను అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. చెల్లెలు అద్దం వదిలేసి గోడవైపు తిరిగి నిలబడి ఉంది. ఎంత గుర్తు తెచ్చుకున్నా దాని ముఖం కనిపించలేదు.